బెల్లంపల్లి నుంచి ప్రాణహిత దాటి స్థిరపడాలనుకుంటున్నారా? మీ వెంట వచ్చేవేవి, ఏటి ఇవతలే ఆగిపోయేవేవి?

మీరు సింగరేణిలో రిటైరయ్యారు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. బెల్లంపల్లిలోనో మంచిర్యాలలోనో ఇల్లు కొందామంటే చేతికొచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులు అందులోనే అయిపోయేలా ఉన్నాయి. నెలనెలా వచ్చే బొగ్గుగని పింఛను చూస్తే రిటైరైన నాడు ఎంతో ఇవాళా అంతే. దానికి కరవు భత్యం లేదు. సరిగ్గా అప్పుడే చుట్టాల్లో ఎవరో ఒక మాట అంటారు: "ఏరు దాటితే సిరోంచ. అక్కడా మన తెలుగే మాట్లాడతరు. కిరాయి తక్కువ, జాగా తక్కువ. అటే పోరాదూ?"

ఈ మాటలో తప్పేం లేదు. సిరోంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నా అక్కడి ఇళ్లలో, బజారులో తెలుగు వినిపిస్తుంది. మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి సిరోంచ దాటి జగదల్‌పూర్ దాకా పోతుంది. ప్రాణహిత మీద వంతెన ఉంది. రైలు దారి పట్టి బల్లార్షా వైపు వెళ్లినా అంతే. అక్కడి రాజురా తాలూకా 1956 దాకా మన పాత ఆదిలాబాద్ జిల్లాలోదే. కాబట్టి ఆ ఊళ్లు మనకు కొత్తవి కావు.

అయితే ఇల్లు మారడం వేరు, రాష్ట్రం మారడం వేరు. అద్దె ఎంత తగ్గుతుందో మొదటి నెలలోనే తెలిసిపోతుంది. రాష్ట్రం మారడం వల్ల ఏం పోతుందో మాత్రం కొన్నేళ్లకు గానీ తెలియదు. మనవడు మెడిసిన్ కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడో, కొన్న పొలం పేరు మీదకు ఎక్కనప్పుడో అది బయటపడుతుంది. అందుకే సామాను కట్టకముందే చూసుకోవాల్సిన వాటిని మూడు భాగాలుగా చెప్పుకుందాం: మీ వెంట వచ్చేవి, ఏటి ఇవతలే ఆగిపోయేవి, ఒకసారి పోతే తిరిగి రానివి.

మీ వెంట వచ్చేవి ఏవి?

కేంద్రం చట్టంతోనో, కేంద్ర సంస్థతోనో ముడిపడినవి చాలావరకు మీతో వస్తాయి.

బొగ్గుగని పింఛను: ఇది 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం కింద సీఎంపీఎఫ్ సంస్థ ఇచ్చేది. తెలంగాణ ప్రభుత్వంతో సంబంధం లేదు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం మాత్రం ఇవ్వాలి. ఆధార్, వేలిముద్ర లేదా ముఖ గుర్తింపుతో ఎక్కడి నుంచైనా ఇవ్వొచ్చు. ఊరు మారే ముందే పింఛను పుస్తకంలో పేరు, పుట్టిన తేదీ, భార్య లేదా భర్త పేరు ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే గోదావరిఖని ప్రాంతీయ కార్యాలయానికి ఇక్కడి నుంచి వెళ్లడం తేలిక, అటు నుంచి రావడం కష్టం.

రేషన్ బియ్యం: 'ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు' 2022 నుంచి అన్ని రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. అయితే జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకే ఇది వర్తిస్తుంది. తెలంగాణలో కొన్ని కార్డులు ఆ చట్టం కింద, మిగతావి రాష్ట్ర ప్రభుత్వ ఖర్చు మీద నడుస్తున్నాయి. రెండో రకం కార్డు అయితే మహారాష్ట్ర దుకాణంలో పనిచేయదు. మీది ఏ రకమో డీలర్‌ను అడగండి, లేదా మీసేవలో చూపించుకోండి. మొదటి రకం అయినా తెలంగాణ ఇచ్చే మనిషికి 6 కిలోల సన్నబియ్యం అక్కడ రావు. చట్టం ప్రకారం మనిషికి 5 కిలోలే, అదీ ఆ రాష్ట్రం ఇచ్చే ధాన్యమే.

ఆయుష్మాన్ భారత్: ఇంట్లో 70 ఏళ్లు నిండిన వారు ఉంటే ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉచిత చికిత్సకు కార్డు ఇస్తారు. 2024 అక్టోబరులో మొదలైన పథకం ఇది. దేశంలో ఈ పథకం కింద ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది. ఆ వయసు వారు ఇంకా కార్డు తీసుకోకపోతే వెళ్లేలోపే తీసుకోండి.

ఓటు: నంబరు అదే ఉంటుంది, చిరునామా మారుతుంది. దీనికి ఫారం 8 నింపాలి. ఫారం 6 కొత్త ఓటర్లకే. 'ఇక్కడో ఓటు, అక్కడో ఓటు ఉండనీ' అనుకోవద్దు. ఒకరి పేరు ఒకే చోట ఉండాలన్నది చట్టం. ఫారంలో తప్పుడు ప్రకటన ఇస్తే శిక్ష పడుతుంది. కెరమెరి మండలం సరిహద్దులోని పరందోళి, ముకదంగూడ వంటి ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఆ ఊళ్లు ఏ రాష్ట్రానివన్నదే దశాబ్దాల నాటి తగాదా. అది వారి ఇబ్బంది, మనకు వెసులుబాటు కాదు.

ఏటి ఇవతలే ఆగిపోయేవి ఏవి?

చేయూత (ఆసరా) పింఛను: ఇంట్లో తల్లికో, దివ్యాంగులకో ఈ పింఛను వస్తుంటే అది తెలంగాణ నివాసితులకే. వెళ్లిపోయాక తీసుకుంటే తనిఖీలో ఆగిపోతుంది. మహారాష్ట్రలో దాని బదులు దొరుకుతుందా? అక్కడ వృద్ధులకు శ్రావణ్‌బాళ్ పథకం కింద నెలకు 1,500 రూపాయలు ఇస్తారు. కానీ 15 ఏళ్లుగా మహారాష్ట్రలో నివసిస్తూ ఉండాలి. అంటే 65 ఏళ్ల వయసులో వెళ్లిన మనిషికి 80 ఏళ్లకు అర్హత వస్తుంది.

ఈ '15 ఏళ్లు' అన్న లెక్క గుర్తుపెట్టుకోండి. మహారాష్ట్రలో డొమిసైల్ పత్రానికి ఇదే కొలత. మహిళలకు నెలకు 1,500 రూపాయలిచ్చే లాడ్కీ బహీణ్ పథకంలోనూ డొమిసైల్ పత్రం గానీ, దాని బదులు 15 ఏళ్ల నాటి రేషన్ కార్డో ఓటరు కార్డో గానీ అడిగారు.

ఆరోగ్యశ్రీ: తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి ఉంది. కార్డు మహారాష్ట్రకు మార్చుకుంటే ఇది పోతుంది. అక్కడ మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన కింద 5 లక్షల దాకా ఉంది. దానికి ఆ రాష్ట్ర రేషన్ కార్డో డొమిసైల్ పత్రమో కావాలి. ఒక కార్డు రద్దయి రెండోది రాని నెలల్లో జబ్బు చేస్తే ఏ పథకమూ ఆదుకోదు.

సింగరేణి వైద్య కార్డు: రిటైరైన వారికిచ్చే సీపీఆర్‌ఎంఎస్ కార్డు రద్దు కాదు. కానీ అది కంపెనీ ఆసుపత్రుల్లో, కంపెనీ ఒప్పందం చేసుకున్న ఆసుపత్రుల్లో పనికొస్తుంది. ఇప్పుడు బెల్లంపల్లి ఏరియా ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నారు. బీపీ, షుగర్ మాత్రలు అక్కడే తెచ్చుకుంటున్నారు. ఏరు దాటాక అదే పనికి ఒక రోజు పోతుంది. సిరోంచలో ఉన్నది గ్రామీణ ఆసుపత్రి. పెద్ద జబ్బు చేస్తే అక్కడి వాళ్లే మంచిర్యాలకు, వరంగల్‌కు వస్తుంటారు. సిరోంచకు రైలు కూడా లేదు. గుండె జబ్బో, డయాలసిస్సో ఉన్న ఇంటికి ఈ ఒక్క మాటే లెక్క తేల్చేస్తుంది.

కరెంటు, బస్సు, గ్యాస్: గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు, 500 రూపాయల సిలిండర్, మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణ పథకాలు. మహారాష్ట్ర ఎస్టీ బస్సులో మహిళలకు సగం టికెట్ ఉంది. అద్దెలో మిగిలేది ఎంత అని లెక్క వేసేటప్పుడు ఆగిపోయే ఈ మొత్తాలను కూడా అందులోంచి తీసేయండి. అప్పుడు తేలేదే అసలు మిగులు.

రైతు భరోసా: తెలంగాణలో మీ పేరు మీద పట్టా భూమి ఉంటే ఇది భూమిని బట్టి వస్తుంది. భూమి అమ్ముకుని వెళ్తే దానితోపాటే పోతుంది.

ఒకసారి పోతే తిరిగి రానివి ఏవి?

పైవన్నీ డబ్బు లెక్కలు. ఎంత పోయినా మళ్లీ సర్దుకోవచ్చు. ఇప్పుడు చెప్పే మూడింటిలో తప్పటడుగు పడితే సరిచేసుకోవడం దాదాపు కుదరదు.

1. పిల్లల స్థానికత

కొడుకు ఎక్కడో పనిలో ఉండి మనవలు మీ దగ్గర చదువుతుంటే ఇది జాగ్రత్తగా చదవండి.

తెలంగాణ ఉద్యోగాల్లో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం స్థానికులకే. 1 నుంచి 7వ తరగతి లోపు కనీసం 4 ఏళ్లు ఎక్కడ చదివారో అదే స్థానిక జిల్లా. ఆ ఏళ్లు సిరోంచలోనో రాజురాలోనో గడిస్తే పిల్లవాడు పుట్టింది బెల్లంపల్లిలోనే అయినా ఇక్కడ స్థానికేతరుడు అవుతాడు.

ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లకు వేరే లెక్క. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా 4 ఏళ్లు, అంటే 9వ తరగతి నుంచి, తెలంగాణలో చదివి ఉండాలి. 2024లో ప్రభుత్వం తెచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగరీత్యా బయటికి వెళ్లిన కొన్ని వర్గాల వారి పిల్లలకు మినహాయింపులున్నాయి. ఖర్చు తగ్గుతుందని సొంతంగా వెళ్లడం వాటి కిందికి రాదు.

మరి మహారాష్ట్ర కోటాలో సీటు వస్తుందా? అక్కడ పది, పన్నెండు తరగతులు ఆ రాష్ట్రంలోనే పాసవ్వాలి, డొమిసైల్ కూడా ఉండాలి. డొమిసైల్‌కు 15 ఏళ్లు. 8వ తరగతిలో తీసుకెళ్లిన పిల్లవాడు ఇక్కడివాడూ కాడు, అక్కడివాడూ కాడు. పైగా 2020 చట్టం ప్రకారం అక్కడి బడులన్నిటిలో మరాఠీ తప్పనిసరి. చిన్న పిల్లలు నేర్చేసుకుంటారు. పెద్ద తరగతిలో చేరిన వారికి అది అదనపు బరువు.

అందుకే చదువుకునే పిల్లలు ఉంటే వారిని ఇక్కడే హాస్టల్‌లోనో గురుకులంలోనో ఉంచి పెద్దవాళ్లు మాత్రమే వెళ్లే దారి చూడండి. లెక్క చూసేది చదివిన చోటునే. ఏ తరగతి ఎక్కడ చదివారో చెప్పే స్టడీ సర్టిఫికెట్లు బడి నుంచి ఇప్పుడే తీసుకుని దాచండి.

2. కులం పత్రం

ఎస్సీ, ఎస్టీ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒకే కులం పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నా సరే, వలస వచ్చిన వారికి కొత్త రాష్ట్రంలో ఆ రిజర్వేషన్ దొరకదు.

దీనిపై సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు ఒక తెలుగు విద్యార్థి కేసులోనే వచ్చింది. తెనాలిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న మర్రి చంద్రశేఖరరావు తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే మహారాష్ట్ర వెళ్లారు. బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా సీటు అడిగితే ఇవ్వలేదు. 1990లో సుప్రీంకోర్టు కూడా ఆ కోటా మహారాష్ట్రలో వర్తించదనే చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అదే మాటను స్థిరపరిచింది.

మహారాష్ట్ర ఎస్సీ పత్రానికి కుటుంబం 1950 ఆగస్టు 10 నాటికే అక్కడ ఉన్నట్టు చూపాలి. ఇప్పుడు వెళ్లేవారికి అది కుదరని పని. అయితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, కేంద్ర విద్యాసంస్థలకు తెలంగాణ హోదా పనికొస్తుంది. అందుకు తండ్రి పేరు మీద ఇక్కడి తహసీల్దారు ఇచ్చిన కులం పత్రమే ఆధారం. పిల్లలందరికీ ఆ పత్రాలు తీసుకున్నాకే కదలండి. బీసీలకూ జాబితాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి ఇదే జాగ్రత్త అవసరం.

3. భూమి

తెలంగాణలో వ్యవసాయ భూమి కొనాలంటే రైతై ఉండాలన్న షరతు లేదు. మహారాష్ట్రలో ఉంది. గడ్చిరోలి, చంద్రాపూర్ ఉన్న విదర్భకు 1958 నాటి కౌలు చట్టం వర్తిస్తుంది. అందులోని 89వ సెక్షన్ రైతు కాని వారికి సాగు భూమి అమ్మడాన్ని అడ్డుకుంటుంది. ముప్పై ఏళ్లు గనిలో పనిచేసిన మనిషిని అక్కడి చట్టం రైతుగా చూడదు.

రెండో అడ్డంకి ఇంకా పెద్దది. గడ్చిరోలి జిల్లాలో చాలా భాగం ఐదో షెడ్యూల్ ప్రాంతం. ఆదివాసుల భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా 1966 నాటి మహారాష్ట్ర రెవెన్యూ కోడ్‌లో 36, 36ఏ సెక్షన్లు ఉన్నాయి. అనుమతి లేకుండా కొంటే ఆ భూమి తిరిగి వెనక్కి పోతుంది, మీ డబ్బు మునుగుతుంది. ఇవి ఆదివాసులకు రక్షణగా ఉన్న చట్టాలు. మన ఆసిఫాబాద్, ఉట్నూరు ఏజెన్సీలో 1/70 చట్టం ఎందుకుందో ఇవీ అందుకే. 'తెల్లకాగితం మీద రాసిస్తాం, అందరూ అట్లనే కొన్నరు' అనే మధ్యవర్తి దొరికితే అక్కడే ఆగిపోండి. ఇక్కడి సాదాబైనామాల కష్టాలు మీకు తెలియనివి కావు.

ఇంటి జాగా కొనాలనుకుంటే:

• సాత్‌బారా (7/12) ఉతారా తెప్పించుకోండి. మన పహాణీ లాంటిదే. అందులో 'భోగవటాదార్ వర్గ్ 2' అని ఉంటే ప్రభుత్వ అనుమతి లేకుండా అది చేతులు మారదు.

• సాగు భూమిని ముక్కలు చేసి ప్లాట్లంటూ చూపిస్తే, వ్యవసాయేతర భూమిగా మార్చిన ఉత్తర్వు చూపమనండి. మాటతో సరిపెట్టుకోవద్దు.

• పత్రాలన్నీ మరాఠీలో ఉంటాయి. అమ్మేవారితోనో మధ్యవర్తితోనో కాకుండా వేరే మనిషితో చదివించుకోండి.

• ఏటి ఒడ్డున చవకగా వస్తోందంటే ఎందుకో అడగండి. 2019లో మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక సిరోంచ తాలూకా ఒడ్డు గ్రామాల రైతులు తమ పొలాలు మునుగుతున్నాయని, కోసుకుపోతున్నాయని ఆందోళనలు చేశారు. 2022 జులై వరద ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్లో ఎవరినడిగినా చూపిస్తారు.

ఆంధ్రకు వెళ్తే?

బెల్లంపల్లి వలస వచ్చినవారు కట్టుకున్న ఊరు. గనుల్లోకి కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి వచ్చినట్టే కోస్తా నుంచీ వచ్చారు. 2014 జూన్ 2 తర్వాత వారి సొంతూరు మరో రాష్ట్రమైంది. రిటైరై అక్కడికే వెళ్లే వారికి భాష చిక్కు లేదు, భూమి కొనడానికి రైతు షరతు లేదు. వృద్ధాప్య పింఛను అక్కడ 4,000 రూపాయలు. కానీ దానికి ఆ రాష్ట్ర రేషన్ కార్డు, నివాసం ఉండాలి.

కులం పత్రం, పిల్లల స్థానికత విషయంలో మాత్రం ఆంధ్రప్రదేశ్ కూడా మరో రాష్ట్రమే. విభజన తర్వాత తెలంగాణ నుంచి వెళ్లిన వారిని స్థానికులుగా చూసేందుకు ఇచ్చిన వెసులుబాటు గడువుతో ఇచ్చినది. 'మన ఊరే కదా' అన్న ధీమాతో పిల్లల చదువు మార్చకండి.

కదిలే ముందు ఇక్కడ ముగించుకోవాల్సిన పనులు

• సింగరేణి స్థలంలో సొంతంగా ఇల్లు కట్టుకుని జీవో 76 కింద దరఖాస్తు చేసి ఉంటే, పట్టా చేతికొచ్చేదాకా ఇల్లు వదలకండి. ఖాళీ ఇంటి మీద హక్కు చెప్పుకోవడం కష్టం.

• క్వార్టర్ అప్పగించిన రసీదు, కరెంటు బకాయి లేదన్న పత్రం తీసుకోండి. రావాల్సిన సొమ్ములు అడిగేటప్పుడు ఇవే చూపించాలి.

• బండి 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంటే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. అందుకు ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28తో నిరభ్యంతర పత్రం కావాలి. అక్కడ రోడ్డు పన్ను మళ్లీ కట్టాలి. పాత బండైతే అమ్ముకుని వెళ్లడమే నయం కావచ్చు.

• ఆధార్ చిరునామా అన్నిటికంటే చివర మార్చండి. ఇక్కడి పత్రాలు, పట్టా, బకాయిలు తేలాకే అటు చిరునామా ఎక్కించుకోండి.

• రేషన్ కార్డులో పేరు తీయించుకోవడానికి తొందరపడొద్దు. అక్కడ కొత్త కార్డు ఇస్తారో లేదో ముందు తహసీల్ కార్యాలయంలో కనుక్కోండి. అయితే రెండు కార్డులు మాత్రం ఉంచుకోవద్దు.

మరి వెళ్లాలా, వద్దా?

భార్యాభర్తలిద్దరే, ఆరోగ్యం బాగుంది, చదివే పిల్లలు లేరు, పింఛనే ఆధారం అనుకుంటే ఏరు దాటి అద్దెకు ఉండటంలో పోయేది తక్కువ. పిల్లల చదువు ముడిపడి ఉన్నా, నెలనెలా ఆసుపత్రికి తిరగాల్సి ఉన్నా, పొలం కొనాలన్న ఆశతో వెళ్తున్నా అద్దెలో మిగిలే డబ్బు ఆ నష్టాన్ని పూడ్చదు. అలాంటప్పుడు బెల్లంపల్లి చుట్టుపక్కల తాండూరు, నెన్నెల, కన్నెపల్లి మండలాల పల్లెలనే ముందు చూడండి. అద్దె తగ్గుతుంది, రాష్ట్రం మారదు. ఇప్పుడున్న హక్కులేవీ పోవు.

తేల్చుకోలేకపోతే ఏ కార్డూ మార్చకుండా, ఏ భూమీ కొనకుండా జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ అద్దెకు ఉండి చూడండి. ప్రాణహిత నిండుగా పారే రోజుల్లో, అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎటు వెళ్లాలో అప్పుడే తెలుస్తుంది. ఆ నాలుగైదు నెలలు గడిచాక కూడా అక్కడే బాగుందనిపిస్తే, అప్పుడు ఫారం 8 నింపండి.